మోటారు ఆగింది, చెయ్యి మాత్రం రాలేదు: తిరుపతిలో ఒక గడ్డి మిషన్ కేసు

"స్విచ్ ఆపేసినాను సార్. మిషన్ ఆగిపోయింది. అయినా ఆయన చెయ్యి రాలేదు."

వాచ్‌మన్ భార్య ఈ మాట అనగానే నేను రాసుకుంటున్న నోటు పుస్తకం పక్కన పెట్టి, "అక్కా, ఇంకొక్కసారి చెప్పండి" అన్నాను. ఆమె మళ్ళీ అదే చెప్పింది. 22 ఏళ్ళుగా తిరుపతి చుట్టుపక్కల వైరింగ్ పనులు చేయిస్తున్నాను. షాక్ కేసులు చాలానే చూశాను. స్విచ్ ఆపితే మోటారూ ఆగాలి, షాకూ ఆగాలి. మోటారు ఆగి షాక్ ఆగలేదంటే ఆ స్విచ్ ఫేజు (కరెంటు వచ్చే తీగ) మీద లేదు, న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ) మీద ఉంది. ఈ కేసు మొత్తాన్నీ నేను ఆ ఒక్క మాట పట్టుకునే విప్పాను.

జరిగిన చోటు కరకంబాడి రోడ్డు వైపు ఒక కల్యాణ మండపం. హాలు ముందు పది సెంట్ల లాన్, దాని చుట్టూ నడుమెత్తు డ్యురాంటా కంచె. అది కార్తీక మాసం, ముహూర్తాలు వరసగా ఉన్నాయి. ముందు రోజు రాత్రంతా వాన. సాయంత్రం రిసెప్షన్ ఉంది, ఫొటోలకి లాన్ నీటుగా కనపడాలి కాబట్టి పొద్దున ఎనిమిదిలోపు గడ్డి కోసెయ్యమని తోటమాలికి చెప్పారు. ఆయనకి యాభై దాటాయి. కాళ్ళకి అరిగిన హవాయి చెప్పులు. వరండాలో ఉన్న సాకెట్ నుంచి వైరు లాగి, లాన్ అంచున స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి, దానికి మిషన్ తగిలించి పని మొదలుపెట్టారు. నాలుగో వరస తిప్పుతుండగా కుడి చెయ్యి హ్యాండిల్‌కి పట్టేసింది. అరవడానికి గొంతు కూడా రాలేదట.

ముగ్గు వేస్తున్న వాచ్‌మన్ భార్య చూసింది. ఆయన్ని ముట్టుకోలేదు. ఆ ఇంగితమే ఆ రోజు రెండు ప్రాణాలు కాపాడిందని నేను గట్టిగా నమ్ముతాను. పరిగెత్తి బాక్సు మీద స్విచ్ ఆపింది. మోటారు ఆగింది, మనిషి మాత్రం అలాగే బిగుసుకుని ఉన్నాడు. అప్పుడు మిషన్ ప్లగ్గును పట్టుకుని పీకేసింది. ఆయన వెనక్కి పడిపోయారు. స్పృహ ఉంది, ఊపిరి ఉంది. 108 కి ఫోన్ చేశారు. ఆసుపత్రిలో ఈసీజీ తీసి ఒక రాత్రి ఉంచుకుని పంపారు. అరచేతిలో రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ, భుజం నొప్పి. అంతటితో బయటపడ్డారు.

షాక్ తగిలినవాళ్ళు లేచి కూర్చుని "నాకేం కాలేదు" అంటే చాలామంది ఇంటికి పంపేస్తారు. అది తప్పు. గుండె లయ తప్పిందో లేదో పైకి తెలియదు. ఈసీజీ తీయించాల్సిందే. ఊపిరి ఆడకపోతే 108 వచ్చేదాకా చూస్తూ కూర్చోకూడదు. కరెంటు తెగిందని నిర్ధారించుకుని, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్లకి తగ్గకుండా లోతుగా నొక్కుతూనే ఉండాలి.

నేను చూసిన వరస

మూడో రోజు యజమాని నన్ను పిలిపించారు. "మిషన్ చెడిపోయింది, మార్చేద్దామా, రిపేరు చేయిద్దామా చెప్పండి" అన్నారు. అంతవరకే అయితే పది నిమిషాల పని. కానీ వాచ్‌మన్ భార్య మాట విన్నాక మిషన్ ఒక్కదాన్నే చూసి వెళ్ళబుద్ధి కాలేదు. ఆ రోజు వాడిన ప్రతి వస్తువునూ తెప్పించి వరండాలో పరిచాను. అదృష్టం కొద్దీ వైరును ఎవరూ విప్పలేదు.

ముందు ఎక్స్‌టెన్షన్. దాదాపు 30 మీటర్ల రెండు కోర్ల వైరు, 0.75 చదరపు మిల్లీమీటర్లది. రెండు తీగలూ ఒకే రంగు. చివర్లో మూడు పిన్నుల ప్లగ్గు. విప్పి చూస్తే ఎర్త్ పిన్నుకి, అంటే లీకైన కరెంటుని భూమిలోకి పంపాల్సిన పిన్నుకి, ఏ తీగా లేదు. పైకి మూడు పిన్నులు కనిపిస్తాయి కాబట్టి ఎర్త్ ఉందనే అనుకుంటారు. లోపల మాత్రం ఆ పిన్ను ఉత్తి ఇత్తడి ముక్క. వైరు మధ్యలో ఒక జాయింటు, నల్ల టేపు చుట్టి ఉంది, టేపు కింద తేమ. సగం వైరు చుట్టగానే ఉంచి వాడుతున్నారని తెలుస్తోంది. చుట్ట మధ్యలో ప్లాస్టిక్ మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయింది. లెక్క వేస్తే ఆశ్చర్యం లేదు. మిషన్ 1600 వాట్లది, అంటే సుమారు 7 ఆంప్స్ లాగుతుంది. అంత సన్నటి రాగి తీగ 30 మీటర్లు పోయి 30 మీటర్లు తిరిగి రావాలి, దాదాపు ఒకటిన్నర ఓమ్ నిరోధం. 11 వోల్టులు దారిలోనే పోతాయి, 75 వాట్ల వేడి వైరులోనే పుడుతుంది. పరిచిన వైరైతే ఆ వేడి గాలికి పోతుంది. చుట్టలో ఉంటే ఎక్కడికి పోతుంది?

తర్వాత ధ్రువం, అంటే ఫేజు ఏ వైపు ఉంది, న్యూట్రల్ ఏ వైపు ఉంది అని చూశాను. వరండా సాకెట్లో ఫేజు కుడి వైపే ఉంది, అది సవ్యంగానే ఉంది. ఎక్స్‌టెన్షన్ తగిలించి బాక్సులో చూస్తే ఫేజు ఎడమకి వచ్చింది. ఒకే రంగు తీగలు కావడం వల్ల బిగించినవాళ్ళకి ఏది ఏదో తెలియక తారుమారు చేశారు. అంటే బాక్సు మీది స్విచ్ న్యూట్రల్‌ని తెంచుతోంది, ఫేజు నేరుగా మిషన్‌లోకి పోతోంది. అక్క చెప్పిన మాటకి సగం జవాబు దొరికింది.

మిగతా సగం మిషన్‌లో ఉంది. ఇలాంటి మిషన్లలో కొన్నింటి మీద చదరం లోపల ఇంకో చదరం గుర్తు ఉంటుంది. అది డబుల్ ఇన్సులేషన్ గుర్తు, వాటికి ఎర్త్ అక్కర్లేదు. దీని మీద ఆ గుర్తు లేదు. ఇనప హ్యాండిల్, ఇనప డెక్కు, మూడు కోర్ల వైరు. వైరు హ్యాండిల్ దగ్గర స్విచ్ డబ్బాలోకి దూరే చోట బిగింపు విరిగిపోయి ఉంది. రోజూ వైరు పట్టి లాగడం వల్ల తొడుగు వెనక్కి జారి, లోపలి నీలం తీగ ఇన్సులేషన్ గొట్టం అంచుకి రాసుకుని అరిగిపోయింది. ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టాను. వైరు తిన్నగా ఉన్నప్పుడు మెగా ఓముల్లో చూపిస్తోంది. కొంచెం పక్కకి వంచగానే సున్నా. హ్యాండిల్ మీది ఫోమ్ కుడి చెయ్యి పట్టుకునే చోటే చిరిగి ఉంది.

నీలం తీగ అని రాసేటప్పుడు పెన్ను ఆగింది. నీలం అంటే న్యూట్రల్. న్యూట్రల్ మిషన్ బాడీకి తగిలితే ప్రాణం మీదికి వచ్చే షాక్ కొట్టదు. కానీ ఎక్స్‌టెన్షన్‌లో తీగలు తారుమారయ్యాయి కాబట్టి ఆ రోజు నీలం తీగలో ఫేజు నడిచింది. మరి అంతకుముందు? అంతకుముందు కూడా ఈ తీగ ఇలాగే అరిగి ఉండాలి. నెలల తరబడి అరిగితే తప్ప ఇలా కాదు.

ఆసుపత్రి నుంచి వచ్చి ఇంట్లో ఉన్న తోటమాలి దగ్గరికి వెళ్ళి అడిగాను. "అన్నా, ఇంతకుముందు ఈ మిషన్ వాడేటప్పుడు ఏమైనా తేడా కనిపించిందా?"

"షాక్ ఎప్పుడూ లేదు సార్. ట్రిప్ మాత్రం అయ్యేది. గడ్డి కోస్తా మలుపు తిప్పినప్పుడల్లా టక్‌మని పడిపోయేది. హాల్లో లైట్లు కూడా పోయేవి. తర్వాత ఎవురో వచ్చి సరిచేసినారు. అప్పటినుంచి పడలేదు."

ఈ జవాబు విన్నాక నాకు కాసేపు మాట రాలేదు.

సరిచేసిన పని

మండపం మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పసిగట్టి సరఫరా తెంచేసే స్విచ్, ఒకటి ఉంది. మన వాళ్ళు ఈఎల్‌సీబీ అంటుంటారు. లివరు పైకే ఉంది, చూసేవాళ్ళకి అంతా సవ్యంగా ఉన్నట్టే. మీద టీ అని రాసిన బటన్ నొక్కాను. లివరు టక్‌మని కింద పడింది. వరండా బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. కవరు విప్పితే అవుట్‌పుట్ తీగలన్నీ ఇన్‌పుట్ వైపుకి మార్చి బిగించి ఉన్నాయి. రెండు నెలల క్రితం ఒక ఎలక్ట్రీషియన్ చేసిన పని అది. పెళ్ళి నడుస్తుంటే హాలు చీకటైపోతోందని మేనేజరు టెన్షన్ పడ్డాడు, వాన తేమకి ఆర్‌సీసీబీ చెడిపోయిందని వచ్చినవాళ్ళు అనుకున్నారు.

చెడిపోలేదు. అది చెప్పింది అక్షరాలా నిజం. అప్పట్లో వాడిన ఎక్స్‌టెన్షన్ మంచి మూడు కోర్లది. దానిలో తీగలు సరిగా ఉండేవి, ఎర్త్ ఉండేది. మలుపు తిప్పినప్పుడు వైరు వంగి, అరిగిన నీలం తీగ హ్యాండిల్‌కి తగిలేది. న్యూట్రల్ అంటే సున్నా వోల్టులు అనుకుంటాం. లోడు నడుస్తున్నప్పుడు వైరులో పోయే వోల్టేజీ వల్ల మిషన్ దగ్గర న్యూట్రల్‌కి, భూమికి మధ్య మూడు నాలుగు వోల్టుల తేడా వస్తుంది. ఎర్త్ పిట్ (ఎర్త్ తీగ భూమిలో కలిసే గుంత) నిరోధం కొలిస్తే 42 ఓములు. నాలుగు వోల్టులని 42 తో భాగిస్తే దాదాపు 95 మిల్లీ ఆంప్స్. ఆ కొంచెం కరెంటు తిరుగు దారి తప్పి భూమిలోకి పోయేది. వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ 30 మిల్లీ ఆంప్స్ తేడా వస్తే పడిపోవడమే ఆర్‌సీసీబీ పని. అది ప్రతిసారీ తన పని చేసింది. మిషన్‌లో వైరు అరిగిందని రెండు నెలల ముందే చెబుతూ వచ్చింది.

దాని నోరు మూయించాక కొన్నాళ్ళకి ఆ మంచి ఎక్స్‌టెన్షన్ స్టేజీ లైట్లకి పోయింది. తోటమాలికి రెండు కోర్ల వైరు మిగిలింది. అరిగిన తీగ, తెగిన ఎర్త్, తారుమారైన ధ్రువం, పక్కకి తప్పించిన ఆర్‌సీసీబీ, తడి గడ్డి. ఐదూ ఒకే చోట కలిసిన పొద్దున అది. ఏ ఒక్కటి లేకపోయినా ఆ అన్న చేతికి మచ్చ పడేది కాదేమో అనిపిస్తుంది. కానీ ఐదింటినీ సమానంగా చూడలేను. ఆర్‌సీసీబీ ఒక్కటి ఉండి ఉంటే మిగతా నాలుగూ ఉన్నా సెకనులో చిన్న ముక్కలో కరెంటు పోయేది. 30 మిల్లీ ఆంప్స్ దగ్గర 0.3 సెకన్లలోపు, దానికి ఐదు రెట్లు లీకైతే 0.04 సెకన్లలోపు పడిపోవాలని మన ఐఎస్ 12640 ప్రమాణం చెబుతుంది. సుమారు 10 మిల్లీ ఆంప్స్ దాటితే చెయ్యి మన మాట వినదు. తడి ఒంటికి 230 వోల్టులు తగిలితే 200 మిల్లీ ఆంప్స్ పైన కూడా పారవచ్చు. అంత కరెంటు గుండె మీదుగా ఒక సెకను పోతే చాలు.

"ఎంసీబీ ఉంది కదా?"

యజమాని మంచి మనిషి. తోటమాలి ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నారు, జీతం ఆపలేదు. కానీ నేను చెప్పింది ఆయనకి మింగుడు పడలేదు. "ఎంసీబీ ఉంది. ఎర్త్ పిట్ ఉంది. బొగ్గు, ఉప్పు వేయించాను. అది పడాలి కదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. ఎంసీబీ అంటే వైరులో కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్. ఈ నమ్మకం నేను ప్రతి చోటా చూస్తాను, చదువుకున్నవాళ్ళ దగ్గర కూడా. అందుకే బోర్డు ముందు కూర్చోబెట్టి లెక్క చేసి చూపించాను.

శేషాచలం కొండల పాదాల దగ్గర నేల రాతి నేల. వానాకాలంలోనే ఆ పిట్ 42 ఓములు చూపిస్తోంది, ఎండాకాలంలో ఇంకా పెరుగుతుంది. మంచి మూడు కోర్ల వైరే వాడారనుకుందాం, ఫేజు బాడీకి తగిలిందనుకుందాం. 230 ని 42 తో భాగిస్తే ఐదున్నర ఆంప్స్. 16 ఆంప్స్ ఎంసీబీకి అది ఒక మామూలు లోడు. రోజంతా అలాగే మోస్తుంది, పడదు. హ్యాండిల్ మీద దాదాపు మొత్తం వోల్టేజీ అలాగే నిలిచి ఉంటుంది. ఎంసీబీ కాపాడేది వైరును. మనిషిని కాపాడే పని దానికి అప్పగించలేదు. మనలాంటి నేలలో ఆ పని ఆర్‌సీసీబీదే.

ఆయన చాలాసేపు ఆ కాగితం వంక చూసి, "మరి పెళ్ళి మధ్యలో కరెంటు పోతే?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. హాలు మొత్తానికి ఒకటే ఆర్‌సీసీబీ పెడితే ఎక్కడో తోటలో తేమకి పెళ్ళి మండపం చీకటవుతుంది, అప్పుడు ఎవరో ఒకరు దాన్ని తప్పిస్తారు. తప్పించినవాళ్ళని తిట్టి లాభం లేదు. తప్పించాల్సిన అవసరమే రాకుండా వైరింగ్ చేయాలి.

కాబట్టి తోటని విడదీశాను. బయటి సాకెట్లకి, తోట లైట్లకి విడివిడిగా 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీబీఓలు (ఆర్‌సీసీబీ పనీ, ఎంసీబీ పనీ రెండూ చేసేవి) పెట్టాను. హాలు లైట్లు వేరే ఆర్‌సీసీబీ మీదికి వెళ్ళాయి. వరండాలో మామూలు సాకెట్ తీసేసి మూత ఉన్న, నీళ్ళు చిమ్మినా తట్టుకునే నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ బిగించాను. దానిలో ఇంట్లో వాడే ప్లగ్గులు పట్టవు. అది కావాలనే చేశాను, ఎవరూ ఇంకో రెండు కోర్ల వైరు తెచ్చి గుచ్చకుండా. 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రబ్బరు వైరు 30 మీటర్లు రీలు మీద ఇచ్చి, పనికి ముందు మొత్తం విప్పి పరచాలని చెప్పాను. మధ్యలో జాయింటు లేదు. తెగితే అతికించకుండా పొడవు తగ్గించుకుని చివర కొత్త ప్లగ్గు వేసుకోమన్నాను. ఇంకో పిట్ వేసి రెండింటినీ కలిపితే ఎర్త్ 42 నుంచి 11 కి దిగింది. పాత రెండు కోర్ల వైరుని యజమాని ముందే ముక్కలుగా కత్తిరించాను. పక్కన పెడితే వచ్చే కార్తీకానికి మళ్ళీ బయటికి వస్తుంది.

మిషన్‌కి కొత్త వైరు, కొత్త బిగింపు వేయించాను. ఇంకోటి కూడా కనిపించింది. హ్యాండిల్ మీద చెయ్యి తీస్తే మోటారు ఆగిపోవాల్సిన లివరుకి బైండింగ్ వైరు చుట్టి ఉంది. గంటసేపు నొక్కి పట్టుకుంటే వేళ్ళు లాగుతాయట. షాక్‌కి దానితో సంబంధం లేదు, ఎందుకంటే లోపం ఆ స్విచ్ కన్నా ముందే ఉంది. కానీ జారి పడితే బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. అది విప్పించి, ప్రతి పావుగంటకి ఒకసారి చెయ్యి మార్చుకోమన్నాను.

మళ్ళీ మిషన్ పట్టుకోవడం

తోటమాలి పనికి వచ్చిన రోజు ఆ మిషన్ దగ్గరికి రాలేదు. "ముట్టుకోవాలంటే భయంగా ఉంది సార్" అన్నారు. భయం లేదని చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఒక 15 వాట్ల బల్బు తెచ్చి, హోల్డరుకి రెండు తీగలు కట్టి, ఒకటి ఫేజులో, ఇంకోటి ఎర్త్‌లో పెట్టి చూపించాను. ఆ బల్బు లాగేది 65 మిల్లీ ఆంప్సే. వెలిగే లోపే ఆర్‌సీబీఓ పడిపోయింది. ఇది నేను చేసే పని, మీరు చేయకూడదని చెప్పి టీ బటన్ నొక్కడం నేర్పాను. ఐదారుసార్లు నొక్కి నొక్కి చూశారు. నెలకి ఒకసారి నొక్కితే చాలు. ఆయన ప్రతి శనివారం నొక్కుతానన్నారు. వద్దనలేదు.

ఆ పూటంతా ఆయనతోనే లాన్‌లో తిరిగాను. సాకెట్ దగ్గర మొదలుపెట్టి దూరంగా పోతూ అడ్డంగా వరసలు వేస్తే వైరు ఎప్పుడూ కోసేసిన వైపే ఉంటుంది. దూరం నుంచి దగ్గరికి వస్తే బ్లేడు ముందుకే వైరు వస్తుంది. డ్యురాంటా కంచెకి వాడే ట్రిమ్మరుకైతే వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోవాలి. కింద వేలాడితే ఆకుల మధ్య ఆ పచ్చ వైరు కనపడదు. నా అనుభవంలో ట్రిమ్మర్లు కోసేది ఎక్కువగా వాటి సొంత వైరునే. కంచె కింద దిగేసిన తోట లైట్ల వైర్లు ఎక్కడున్నాయో చూపించి చిన్న రాళ్ళు గుర్తు పెట్టాం. గడ్డి ఇరుక్కుంటే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా నిలబడి, అప్పుడే కర్రతో తీయాలి. చెప్పుల బదులు వేలు మూసుకునే బూట్లు, కళ్ళకి అద్దాలు యజమానే కొనిచ్చారు. గడ్డి తడిగా ఉన్నంతసేపు మిషన్ దిగదు. ఈ ఒక్క నియమం మేనేజరు చేత రాయించి వరండాలో అంటించాను, ఎందుకంటే తడిలో కోయమని చెప్పేది తోటమాలి కాదు.

బ్యాటరీ మిషన్ కొంటే ఈ గొడవలేవీ ఉండవు కదా అని యజమాని అడిగారు. పది సెంట్లకి అది మంచి ఆలోచనే. నేల మీద వైరు ఉండదు, 40 వోల్టుల లోపల పనిచేసేవి దొరుకుతాయి, షాక్ భయం దాదాపు పోతుంది. బ్లేడు భయం మాత్రం అంతే ఉంటుంది, ముట్టుకునే ముందు బ్యాటరీ బయటికి తీయాలి. చార్జరు 230 వోల్టులదే కాబట్టి అది లోపల, పొడి చోట ఉండాలి. ఇక్కడ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలో లిథియం బ్యాటరీని చార్జింగ్‌కి పెట్టకూడదు, ఎండలో ఆడిన బ్యాటరీని నీడలో చల్లారనిచ్చి పెట్టాలి. జనరేటరు గదిలో అస్సలు పెట్టొద్దన్నాను. ఆయన ఇంకా కొనలేదు.

తర్వాతి ఆషాఢంలో, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో, ఒక పొద్దున తోటమాలి ఫోన్ చేశారు.

"సార్, ట్రిమ్మరు పెట్టినాను, టక్‌మని పడింది. ఎత్తలేదు. ప్లగ్గు పీకి పక్కన పెట్టినాను. మీరొచ్చి చూడండి."

వెళ్ళి చూస్తే ట్రిమ్మరు వైరు మీద, ప్లగ్గుకి రెండడుగుల దూరంలో, ఎలుక కొరికిన గాటు. తొడుగు తెగి ఫేజు తీగ రాగి కనిపిస్తోంది. స్టోరు గదిలో ఎరువు బస్తాల వెనక పెట్టారట. వైరు అక్కడికి కత్తిరించి కొత్త ప్లగ్గు వేశాను. ట్రిమ్మరుకి గోడ మీద, నేలకి ఎత్తుగా ఒక కొక్కెం కొట్టించి, ఆయన చేతే టీ బటన్ నొక్కించి, లివరు ఎత్తించి వచ్చాను.